తిన్నది ఒంటబట్టాలంటే లోపల ఏం జరగాలి?

కావలి దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన విషయం ఇది. మీ అమ్మగారికి యాభై అయిదేళ్లు దాటాయి, నెలసరి ఆగి చాలా కాలమైంది. మూడు పూటలా సరిగానే భోజనం చేస్తారు. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, రాత్రి రాగిసంగటి, వారానికి రెండు మార్లైనా చేపల పులుసు ఉంటాయి. అయినా హిమోగ్లోబిన్ 9 దగ్గరే నిలిచిపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది, రెండు నెలలు ఐరన్ మాత్రలు వాడినా చెప్పుకోదగిన మార్పు లేదు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, పొద్దున్నే ఒక గ్యాస్ మాత్ర, మోకాళ్లు నొప్పిపుట్టినప్పుడు మందుల షాపులో ఇచ్చే నొప్పి మాత్ర వేసుకుంటారు, అన్నం తిని చెయ్యి కడుక్కోగానే టీ తాగుతారు. చుట్టుపక్కల వాళ్లు అరుగుదల లేకనే తిన్నది ఒంటబట్టడం లేదని, ఒక చూర్ణం వాడితే సరిపోతుందని చెబుతున్నారు. అన్నం లోపలికి పోయాక ఏం జరుగుతుందో, ఎక్కడ తేడా వచ్చి ఉంటుందో చెప్పమని మీరు అడిగారు.

అమ్మా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా కాలంగా రోగులను చూస్తున్న వైద్యుడిగా ముందు నా అభిప్రాయం చెబుతాను. అన్నం అరగడం ఒక పని, అరిగినది పేగు గోడ దాటి రక్తంలో కలవడం వేరొక పని, కలిసినది కారిపోకుండా ఒంట్లో నిలవడం మూడో పని. మనవాళ్లు ఈ మూడింటినీ కలిపి జీర్ణశక్తి అంటారు కాబట్టి మందు కూడా మొదటి పనికే వెతుకుతారు. కానీ మన దేహంలో అంత సులభంగా చెడనిది ఆ మొదటి పనే. మీరు రాసిన వివరాల్లో అరుగుదల లోపాన్ని సూచించేది నాకు ఒక్కటీ కనబడలేదు. రెండో పనికీ మూడో పనికీ అడ్డుపడేవి మాత్రం నాలుగైదు కనబడుతున్నాయి. అవి ఏమిటో, ఎందుకు అడ్డుపడతాయో తెలియాలంటే అమ్మగారు తిన్న ముద్ద వెంట కొంత దూరం నడవాలి.

నోటి పని త్వరగా ముగుస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండి పదార్థాన్ని కొద్దిగా విడగొట్టడం మొదలుపెడుతుంది, పళ్లు ముద్దను నలుపుతాయి, సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహిక దాన్ని కొన్ని క్షణాల్లో పొట్టలోకి దింపుతుంది. పళ్లు ఊడిన పెద్దవాళ్లు సరిగా నమలలేక మాంసం, పచ్చి కూరగాయలు మానేసి మెత్తటి అన్నం, చారుతో సరిపెట్టుకోవడం నేను తరచుగా చూస్తాను. అలాంటి వారికి కట్టుడు పళ్లు పెట్టిస్తే వచ్చే మేలు ఏ చూర్ణంతోనూ రాదు.

పొట్టలో ఏం జరుగుతుందో మనుషులకు కళ్లారా తెలిసింది ఒక ప్రమాదం వల్ల. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి పేలి కడుపుకు గాయమైంది. ప్రాణం దక్కింది గాని, పొట్టలోకి దారితీసే రంధ్రం పూర్తిగా పూడలేదు. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రం గుండా దారానికి కట్టిన మాంసం ముక్కలను లోపలికి దించి, తీసి చూసి, పొట్టలోని రసాన్ని బయటికి తీసి అందులో కూడా మాంసం కరుగుతుందని గమనించి, 1833లో ఆ పరిశీలనలను ప్రచురించాడు. పొట్ట కేవలం నలిపే సంచి కాదని, అక్కడ రసాయన చర్య జరుగుతుందని అలా తేలింది. పొట్ట రోజుకు సుమారు రెండు లీటర్ల రసం ఊరుస్తుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలా ఘాటైనది. దాని పీహెచ్, అంటే ఆమ్లగుణాన్ని చెప్పే కొలత (ఎంత తక్కువైతే అంత ఘాటు), ఒకటిన్నర నుంచి మూడున్నర వరకు ఉంటుంది. ఆ ఆమ్లం సూక్ష్మజీవులను చంపుతుంది, పెప్సిన్ అనే ఎంజైమును పనిలోకి దింపి మాంసకృత్తులను చీలుస్తుంది. మీ అమ్మగారికి సంబంధించి అంతకంటే ముఖ్యమైన పనులు ఇంకో రెండు ఉన్నాయి. కూరలోను, పప్పులోను ఉండే ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలో కరిగించి ఉంచేది ఆ ఆమ్లమే. చేప, గుడ్డు, పాలలోని మాంసకృత్తులకు అతుక్కుని ఉన్న, రక్తం తయారీకి ఇనుములాగే అవసరమైన బీ12 విటమిన్‌ను విడదీసేదీ అదే.

మాంసకృత్తులను అరిగించే పనిని పొట్ట చేయకపోయినా క్లోమం (పాంక్రియాస్) ఊర్చే రసం చేయగలదు. జబ్బు వల్ల పొట్ట మొత్తం తీసేసిన వారు కూడా కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తింటూ బతకగలరు. కానీ వారికి జీవితాంతం బీ12 బయటినుంచి ఇవ్వవలసిందే. ఎందుకంటే పొట్ట గోడలోని కణాలు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ఒక మాంసకృత్తిని తయారుచేస్తాయి. అది బీ12ను పట్టుకుని చిన్నపేగు చివరి భాగం దాకా తీసుకుపోతేనే అక్కడి కణాలు దాన్ని లోపలికి తీసుకుంటాయి. పొట్ట చేసే పనుల్లో వేరే ఏ అవయవమూ చేయలేని పని ఇదొక్కటే.

మీ అమ్మగారి గ్యాస్ మాత్ర గురించి అందుకే అడగాలి. మన ఊళ్లలో పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలను ఒకసారి ఎవరో వైద్యులు రెండు వారాలకు రాసిస్తే, ఆ పాత చీటీతోనే ఏళ్ల తరబడి కొనుక్కుని వేసుకునేవారు చాలామంది ఉన్నారు. అవి మంచి మందులే, పుండు ఉన్నవారికి ప్రాణం కాపాడేవే. కానీ ఆమ్లం ఊరడాన్ని ఏళ్లపాటు అణచివేస్తే ఇనుము, బీ12 రెండూ ఒంటికి చేరడం తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ కూడా దీర్ఘకాలం వాడిన కొందరిలో బీ12ను తగ్గిస్తుంది. ఈ రెండు మాత్రలూ కలిసి ఉన్నవారికి బీ12 పరీక్ష చేయించకుండా ఐరన్ మాత్రలు మాత్రమే ఇస్తూ పోవడం సరైన పద్ధతి కాదు. అలాగని మీరు సొంతంగా వాటిని ఆపవద్దు. మెట్‌ఫార్మిన్ ఆపితే చక్కెర పెరుగుతుంది. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా కాదా అన్నది ఆమె నొప్పి మాత్రల వాడకాన్ని కూడా చూసి వైద్యులు తేల్చాలి.

భోజనం మధ్యలో నీళ్లు తాగితే పొట్టలోని రసం పలచబడి అన్నం అరగదని కూడా చాలామంది నమ్ముతారు. మనం తాగే నీరు, ఆహారంలోని నీరు, నోరు, పొట్ట, కాలేయం, క్లోమం, పేగులు ఊర్చే రసాలు కలిపి రోజుకు దాదాపు తొమ్మిది లీటర్ల ద్రవం పేగుల్లో ప్రవహిస్తుంది. అందులో ఒక గ్లాసు నీటివల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు. దాహం వేస్తే తాగమనండి.

పొట్ట నుంచి జావలా మారిన ఆహారం రెండు నుంచి నాలుగు గంటల్లో కొద్దికొద్దిగా చిన్నపేగు మొదటి భాగంలోకి దిగుతుంది. నూనె, కొవ్వు ఎక్కువగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఆమ్లం అక్కడికి చేరగానే పేగు గోడ సెక్రెటిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. దాని సందేశంతో క్లోమం క్షారగుణం గల రసాన్ని పంపి ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. 1902లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కనుగొన్న ఈ సెక్రెటినే లోకానికి హార్మోనుగా తెలిసిన మొదటి పదార్థం. కొవ్వు చేరినప్పుడు విడుదలయ్యే మరొక హార్మోను పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేసి పైత్యరసాన్ని దింపుతుంది, క్లోమంనుంచి ఎంజైములను రప్పిస్తుంది. పైత్యరసం కొవ్వును సన్నని బిందువులుగా విడగొడుతుంది, క్లోమరసంలోని ఎంజైములు పిండిని, మాంసకృత్తులను, కొవ్వును ముక్కలు చేస్తాయి. అసలైన అరుగుదల అంటే ఇదే. ఈ ఎంజైములు ఎంత సమృద్ధిగా తయారవుతాయంటే, క్లోమం సామర్థ్యంలో పదింట తొమ్మిది వంతులు పోయేదాకా కొవ్వు అరగకపోవడం బయటపడదు. అది నిజంగా చెడితే మలం జిడ్డుగా, పాలిపోయి, విపరీతమైన వాసనతో, నీళ్లు పోసినా పోకుండా అంటుకుని ఉంటుంది, మనిషి బరువు తగ్గిపోతారు. మీరు రాసినదాని ప్రకారం అమ్మగారికి విరేచనం మామూలుగానే అవుతోంది, బరువు తగ్గలేదు. చూర్ణం అవసరం లేదని నేను చెప్పడానికి ఆధారం ఇదే.

ఇక చిన్నపేగు. సుమారు ఆరు మీటర్ల పొడవున్న ఈ గొట్టం లోపలి గోడ నున్నగా ఉండదు. మడతలు, ఆ మడతల మీద తువాలు నేతలో పైకి లేచిన పోగుల్లా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పొడవున్న చూషకాలు, ప్రతి చూషకం మీద ఉండే కణాలకు కంటికి కనబడని మరింత సన్నని పోగులు ఉంటాయి. దీని వైశాల్యం టెన్నిస్ కోర్టంత ఉంటుందని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం రాశారు. స్వీడన్ పరిశోధకులు 2014లో కొత్తగా కొలిచి, జీర్ణనాళం మొత్తం కలిపినా అది సుమారు 32 చదరపు మీటర్లేనని, అందులో అత్యధిక భాగం చిన్నపేగుదేనని తేల్చారు. లెక్క తగ్గింది గాని దాని ప్రాధాన్యం తగ్గలేదు. ఆ కణాలు మూడు నుంచి అయిదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. అంత వేగంగా తయారయ్యే కణజాలానికి తానే పోషకాలు కావాలి కాబట్టి, ఫోలిక్ ఆమ్లం, బీ12 తగ్గినప్పుడు పేగు గోడ కూడా దెబ్బతిని, పీల్చుకునే శక్తి మరింత పడిపోతుంది.

ఈ గోడ దాటే తీరు ఒక్కో పోషకానికి ఒక్కో విధంగా ఉంటుంది. అన్నం చివరికి గ్లూకోజుగా మారుతుంది. ఆ గ్లూకోజు సోడియంతో జతకట్టి కణంలోకి ప్రవేశిస్తుంది, వాటి వెంట నీరు కూడా పోతుంది. విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఈ మార్గం చాలావరకు తెరిచే ఉంటుంది. ఓఆర్ఎస్ పనిచేసేది అందుకే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు సెలైను సీసాలు చాలక, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లనే తాగించి ఎన్నో ప్రాణాలు నిలిపారు. మాంసకృత్తులు ఎమినో ఆమ్లాలుగాను, రెండు మూడు ఎమినో ఆమ్లాలు కలిసిన చిన్న ముక్కలుగాను లోపలికి పోతాయి. గ్లూకోజు, ఎమినో ఆమ్లాలు రెండూ అక్కడి రక్తనాళాల ద్వారా ముందు కాలేయానికి చేరతాయి. కొవ్వు మాత్రం కాలేయానికి నేరుగా పోదు. పేగు కణంలో మళ్లీ సన్నని బిందువులుగా కూర్చబడి, శోషరస (లింఫ్) నాళాల గుండా పైకి ప్రయాణించి, మెడ దగ్గర ఎడమ వైపు పెద్ద సిరలో కలుస్తుంది. ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఆ కొవ్వుతోపాటే వెళతాయి కాబట్టి ఆకుకూరలో రెండు చెంచాల నూనె ఉండడం దోషం కాదు, అవసరం.

ఇనుము సంగతి వీటన్నిటికంటే భిన్నమైనది, మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ఒంట్లో చేరిన ఇనుమును బయటికి పంపే ఏర్పాటు మన దేహానికి లేదు. ఎక్కువైతే అవయవాలకు హాని చేస్తుంది. అందువల్ల ఎంత తిన్నామన్నదాన్ని బట్టి కాక, ఎంత లోపలికి రానివ్వాలన్నదాన్ని బట్టి దేహం దాన్ని అదుపు చేస్తుంది. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను ఆ అదుపును నడుపుతుంది. నిల్వలు నిండుగా ఉన్నా, ఒంట్లో ఎక్కడైనా వాపు, దీర్ఘకాలపు ఇన్ఫెక్షన్ ఉన్నా హెప్సిడిన్ పెరిగి ఇనుమును అడ్డుకుంటుంది. ఆరోగ్యవంతులు రోజుకు పీల్చుకునే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే, అది కూడా చాలావరకు చిన్నపేగు మొదటి భాగంలోనే జరుగుతుంది.

చేప, మాంసంలోని ఇనుములో కొంత భాగం హీమ్ రూపంలో, అంటే హిమోగ్లోబిన్‌లో ఉండే రూపంలోనే ఉంటుంది, అది సులువుగా చేరుతుంది. ఆకుకూర, పప్పు, రాగిలోని ఇనుము అలా కాదు. పక్కన ఏం తిన్నారు, ఏం తాగారు అన్నదాన్ని బట్టి అది చేరడం పెరుగుతుంది, తగ్గుతుంది. టీలోని టానిన్లు పేగులోనే ఇనుమును పట్టుకుని విడవవు. భోజనంతోపాటు టీ తాగితే ఈ రకం ఇనుము చేరడం సగానికి పైగా తగ్గవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీ తాగవద్దని చెబుతున్నాయి. నా రోగులకు నేను చెప్పే మొదటి మాట అదే. ఇక సి విటమిన్ దీనికి విరుద్ధంగా పనిచేసి ఇనుమును పేగు తీసుకోగల రూపంలోకి మారుస్తుంది. గూడూరు, పొదలకూరు నిమ్మతోటలు ఉన్న ప్రాంతంలో నిమ్మకాయ దొరకదనుకోనక్కరలేదు. పప్పులోనో, ఆకుకూరలోనో పొయ్యి మీద నుంచి దించాక పిండాలి, ఉడికించేటప్పుడు పిండితే సి విటమిన్ పోతుంది. చేపల పులుసులోని చింతపండు, మామిడికాయ పులుపులు కూడా కొంత సాయపడతాయి, అందులోని చేప ఆకుకూరలోని ఇనుము చేరడాన్ని కూడా పెంచుతుంది. కాబట్టి ఆకుకూర ఒక పూట, చేప వేరొక పూట కాకుండా రెండూ ఒకే భోజనంలో ఉంటే మంచిది.

రాగిసంగటి గురించి ఒక మాట. కనిగిరి, ఉదయగిరి మెట్ట ప్రాంతాల పెద్దలు దాన్ని బలమైన తిండి అన్నది నిజమే, సున్నం (కాల్షియం) అంత ఎక్కువగా ఉన్న ధాన్యం మరొకటి లేదు. కానీ రాగిలోని ఫైటేట్లు, టానిన్లు సున్నాన్నీ ఇనుమునూ కొంత పట్టి ఉంచుతాయి. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే, లేదా అంబలిగా కాచి పులియబెడితే ఆ అడ్డు చాలావరకు తగ్గుతుంది. మన పాత వంటపద్ధతులన్నిటినీ నేను సమర్థించను గాని, ఈ ఒక్క పద్ధతికి మాత్రం శాస్త్రీయమైన కారణం స్పష్టంగా ఉంది.

ఫోలిక్ ఆమ్లం ఆకుకూరల నుంచి వస్తుంది, చిన్నపేగు పై భాగాల్లో చేరుతుంది, ఎక్కువసేపు ఉడికిస్తే నశిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందమే 1940లలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈ రోజు ఐరన్ మాత్రలో దాన్ని కలిపి ఇవ్వగలుగుతున్నామంటే ఆ కృషి ఫలితమే. అయితే ఒక జాగ్రత్త ఉంది. బీ12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం కొంత మెరుగుపడినట్లు కనబడుతుంది గాని, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. అమ్మగారికి అరికాళ్లలో తిమ్మిరి, మంట, నడకలో తూలడం ఉన్నాయేమో అడగండి. మధుమేహం వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి కాబట్టి అది చక్కెర వల్లనేనని అనుకుని బీ12ను మరచిపోవడం తరచుగా జరుగుతుంది.

పెద్దపేగు విషయం ఇక్కడ క్లుప్తంగా చాలు. చిన్నపేగు నుంచి రోజుకు సుమారు లీటరున్నర ద్రవం దానికి చేరుతుంది, దాదాపు అంతటినీ అది పీల్చేస్తుంది. మనకు అరగని పీచును అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి, పెద్దపేగు కణాలకు ఆహారమయ్యే కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. చద్దన్నంలో చల్లారడం వల్ల గట్టిపడిన కొంత పిండి కూడా అలాగే అక్కడిదాకా చేరి వాటికి ఉపయోగపడుతుంది.

పేగు గోడే చెడిపోయే జబ్బులు లేకపోలేదు. చూషకాలు చదునైపోయి, నెలల తరబడి విరేచనాలు, నోటి పూత, బరువు తగ్గడం కలిసి వచ్చే ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు మన దక్షిణాదిలో ఉంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు దాని మీద ఎంతో పని చేశారు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీళ్లు దీర్ఘకాలం తాగిన వారికి ఎముకలతోపాటు కడుపుకూ ఇబ్బందులు వస్తాయి. మీ అమ్మగారి పుట్టిల్లు అటువైపేనని రాశారు కాబట్టి చూసే వైద్యులకు ఆ సంగతి చెప్పండి. వరినాట్లకు చెప్పులు లేకుండా మడిలో దిగే వారికి కొంకిపురుగు కాలి చర్మం గుండా లోపలికి చేరి, చిన్నపేగు గోడను పట్టుకుని రోజూ రక్తం పీల్చే ప్రమాదం ఉంది. మల పరీక్షలో గుడ్లు కనబడితే ఆల్బెండజోల్ మాత్రతో అది పోతుంది.

ఈ కొంకిపురుగు దగ్గరే మొదట చెప్పిన మూడో పని, అంటే ఒంట్లో చేరినది నిలవడం, ముందుకు వస్తుంది. మొత్తం సమాధానంలో మీరు అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవలసిన విషయం ఇదే. నెలసరి ఆగిపోయిన స్త్రీకి ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉన్నదని తేలితే, అది తిండి లోపమని అనుకోవడానికి ముందు జీర్ణనాళంలో ఎక్కడైనా రక్తం కారుతోందేమో తప్పక చూడాలి. తరచుగా వాడే నొప్పి మాత్రలు పొట్టలో పుండు చేసి, నొప్పి తెలియకుండానే రోజుకు కొద్దికొద్దిగా రక్తాన్ని పోగొట్టగలవు. మొలలు, పొట్ట లేదా పెద్దపేగు క్యాన్సర్ కూడా అలాగే నిశ్శబ్దంగా రక్తాన్ని తీసుకుపోవచ్చు. మలం నల్లగా ఉందేమో గమనించండి, కానీ ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది కాబట్టి రంగు ఒక్కదాన్ని నమ్ముకోకూడదు.

అందువల్ల ఈ వారంలోనే నెల్లూరు లేదా ఒంగోలులోని ప్రభుత్వ పెద్దాసుపత్రికో, మీకు నమ్మకమున్న జనరల్ ఫిజీషియన్ దగ్గరకో తీసుకువెళ్లండి. పూర్తి రక్త పరీక్షతోపాటు ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్, బీ12, థైరాయిడ్, మలంలో పురుగు గుడ్లు, కంటికి కనబడని రక్తం ఉన్నాయేమో చూడమని అడగండి. మధుమేహం ఏళ్లుగా ఉన్నవారిలో మూత్రపిండాలు బలహీనపడినా హిమోగ్లోబిన్ తగ్గుతుంది కాబట్టి క్రియాటినిన్ కూడా చూడాలి. ఫెరిటిన్ తక్కువగా ఉంటే పొట్టను, పెద్దపేగును గొట్టంతో లోపలినుంచి చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ గురించి వైద్యులు చెబుతారు. భయపడి వాయిదా వేయవద్దు. నొప్పి మాత్రలు మాత్రం ఇవాళే ఆపించండి.

లోపం ఇనుముదేనని తేలితే మాత్ర వేసుకునే పద్ధతి మార్చాలి. అన్నానికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోవాలి. టీ, పాలు, కాల్షియం మాత్ర దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఒక మోతాదు వేసుకున్నాక హెప్సిడిన్ దాదాపు ఒక రోజు పెరిగి ఉంటుంది కాబట్టి, రోజుకు రెండు మూడు మాత్రలు మింగడం కంటే రోజు విడిచి రోజు ఒకటి వేసుకోవడమే కొందరికి మేలని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. కడుపులో తిప్పడం, మలబద్ధకం కూడా తగ్గుతాయి. మీ వైద్యుల్ని అడిగి అలా మార్చుకోవచ్చు. సరిగా చేరుతుంటే నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్ర కంపెనీ మార్చడం కాదు, కారణం మళ్లీ వెతకాలి. హిమోగ్లోబిన్ 12 దాటిన తర్వాత కూడా మరో మూడు నెలలు మాత్రలు కొనసాగించాలి, ఎందుకంటే ముందు రక్తం నిండుతుంది, నిల్వలు నిండేది ఆ తర్వాతనే.